పొత్రం మీద పసుపు

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక చేతులు సబ్బు పెట్టి కడుక్కున్నానా, ఉత్త నీళ్ళ కింద పెట్టి దులిపేసుకున్నానా? వారాల తరబడి నన్ను కూర్చోనివ్వకుండా, నిలబడనివ్వకుండా తిప్పిన ప్రశ్న ఇదొక్కటే. ఇంత వయసొచ్చి, ఇంత చదువు చదివి, చేయి కడుక్కున్న సంగతి గుర్తులేని మనిషిని ఏమనాలి? నన్ను నేను చాలానే అనుకున్నాను. అవన్నీ ఇక్కడ రాస్తే బాగుండదు.

నేను పురావస్తు శాస్త్రవేత్తను కాను. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మావాళ్ళ ఫంక్షన్లలో నన్ను అలాగే పరిచయం చేస్తారు, వద్దన్నకొద్దీ ఇంకో మెట్టు ఎక్కిస్తారు. సిడ్నీకి పడమటగా ఒక గోదాములో, సముద్రం అడుగు నుంచి తీసిన వస్తువులకు నంబర్లు వేసి, కొలతలు రాసి, ఫొటోలు తీసి కంప్యూటర్లో ఎక్కించే పని నాది. కెల్లీవిల్‌లో ఇల్లు, రోజూ కారులో ముప్పావుగంట. నలభై దాటాక ఇక్కడ ఒక కోర్సు చేసి తెచ్చుకున్న ఉద్యోగం. ఇష్టంగా చేస్తున్నాను.

మా గోదాములో సగానికి సగం వస్తువులు ఒకే ఓడవి. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి సరుకు ఓడ. న్యూ కలెడోనియాకు వెళ్తూ న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరంలో రాళ్ళకు కొట్టుకుని మునిగిపోయింది. కెప్టెన్ సిరాబుడ్డి దొరికింది, ఆఫీసర్ల పింగాణీ పళ్ళేలు దొరికాయి, ద్రాక్షసారా సీసాలైతే లెక్కే లేదు. కెప్టెన్ పేరు, ఆయన పుట్టిన ఊరు, ఆయనకు వండిపెట్టిన ఫ్రెంచి వంటవాడి పేరు, ఆఖరికి ఆయన పెంచుకున్న కుక్క పేరు కూడా కాగితాల్లో ఉన్నాయి. తెరచాపలు ఎక్కి దిగి, తాళ్ళు లాగి, నీళ్ళు తోడి ఓడను నడిపింది మాత్రం లస్కర్లు, అంటే మన తీరాల్లో పనికి కుదుర్చుకున్న నావికులు. వాళ్ళ గురించి ఆ కాగితాల్లో ఒక్కటే వరస: యనావోఁలో ఎక్కిన లస్కర్లు. పేర్లు లేవు.

ఆ యనావోఁ ఎక్కడుందో మా టీమ్‌లో ఎవరికీ అంతుపట్టలేదు. ఒకాయన మడగాస్కర్ పక్కన ఏదో దీవి అయి ఉంటుందన్నాడు. నేను ఆయన భుజం మీదుగా చూసి, "అది యానాం కదా, కాకినాడ నుంచి బస్సులో గంట కూడా పట్టదు" అన్నాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. నాది యానాం కాదనీ, దుగ్గిరాల వైపనీ, మా ఊళ్ళో పసుపు తప్ప సముద్రం ఉండదనీ చెప్పాను గానీ వింటేగా. అప్పటి నుంచి ఆ లస్కర్లు నా చుట్టాలైపోయారు. వాళ్ళ గురించి ఏ అనుమానమొచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు.

ఆ చుట్టాలవని చెప్పుకోవడానికి మిగిలినవి ఎన్నని? ఒక ఎముక దువ్వెన ముక్క, రెండు ఇత్తడి బొత్తాలు, మాట్లు వేసిన రాగిచెంబు అంచు. అవి కూడా వాళ్ళవేనని ఒట్టేసి చెప్పలేం.

మా టీమ్‌కి పెద్ద ఒకావిడ. నాకంటే పదేళ్ళు పెద్ద. మొదట్లో మేడమ్ అంటే, నేనేమైనా రాణీనా అని చిరాకుపడేది. పేరు పెట్టి పిలుద్దామంటే నాకు నోరు రాదు. చివరికి ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్ళి నిలబడి మాట మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. ఆవిడ జీవితమంతా ఓడల్లో కాయకష్టం చేసినవాళ్ళ ఆనవాళ్ళు వెతకడంతోనే గడిచింది. కెప్టెన్ల గురించి ఎవరైనా మాట్లాడితే ఆవిడ టీ తెచ్చుకోవడానికి లేచి వెళ్ళిపోతుంది.

పోయిన ఏడాది గోదాము నిండిపోయింది. బ్యాలస్ట్ రాళ్ళన్నిటినీ తీసుకెళ్ళి మళ్ళీ ఓడ మునిగిన చోటే సముద్రంలో పెట్టేయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. బ్యాలస్ట్ అంటే ఓడ ఒరిగిపోకుండా అడుగున బరువు కోసం వేసే రాళ్ళు. వాటిలో చూడటానికేం ఉండదు, రాళ్ళు రాళ్ళలాగే ఉంటాయి. వారం రోజులుగా ఆ రాళ్ళు పేర్చిన చెక్క పాలెట్లు ఒకదాని తర్వాత ఒకటి లారీ ఎక్కుతున్నాయి.

అది శుక్రవారం. సగంమంది సెలవు. లంచ్‌రూమ్‌లో నేనొక్కదాన్నే. మామూలుగా అక్కడ స్పూనుతోనే తింటాను. ఎవరూ ఏమీ అనరు, అయినా ఎందుకో తింటాను. ఆ రోజు డబ్బాలో ముద్దపప్పు, ఆవకాయ, దొండకాయ వేపుడు. ముద్దపప్పులో ఆవకాయ స్పూనుతో కలుపుకోవడమంత దరిద్రం ఇంకోటి లేదు. ఎవరూ లేరు కదా అని శుభ్రంగా చేత్తో కలుపుకుని తింటున్నాను. ఆఖరి ముద్ద దగ్గర ఉండగా ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన తలుపులోంచి తల పెట్టి, "లాస్ట్ పాలెట్ వెళ్తోంది మేట్, వచ్చి టిక్ పెట్టు" అన్నాడు. సింకు దగ్గరకు వెళ్ళాను. కుళాయి తిప్పాను. ఇక్కడి దాకా గుర్తుంది.

పాలెట్ మీద నీలం ట్రేలు వరసగా ఉన్నాయి. ఒక్కో రాయికీ ఒక ట్యాగు. నంబరు చూడాలి, లిస్టులో టిక్ పెట్టాలి, అంతే పని. గ్లవ్స్ లేకుండా ఏ వస్తువూ ముట్టుకోకూడదన్నది మా మొదటి రూలు. కానీ బ్యాలస్ట్‌కి ఎవరు వేసుకుంటారు? నాలుగో ట్రేలో ఒక రాయికి ట్యాగు కిందివైపు పడిపోయి ఉంది. తిప్పుదామని రెండు చేతులతో పట్టుకుని ఎత్తాను.

చేతులకు ముందు తెలిసింది, తర్వాత నాకు తెలిసింది. నల్లరాయి. జానెడుకు కాస్త ఎక్కువ పొడవు. నడుము దగ్గర కొంచెం లావు, కొసల దగ్గర సన్నం, ఒక పక్క మిగతా పక్కలకంటే చదును. పొత్రం. సన్నికల్లు మీద పచ్చడి నూరే పొత్రం. మా ఇంట్లో మిక్సీ వచ్చాక కూడా మా నాన్నకు అల్లం పచ్చడి సన్నికల్లు మీద నూరితేనే దిగేది. ఆ చాకిరీ నాది. పెళ్ళయ్యేదాకా నూరాను, రోజూ తిట్టుకుంటూ నూరాను.

అలాగే కింద కూలబడ్డాను. ట్రేలోని స్పాంజి షీటు నేల మీద పరిచి, రాయి దానిమీద పెట్టి, ముందుకూ వెనక్కూ నూరాను. నా బొటనవేళ్ళు వాటంతటవే రెండు కొసల్లో ఉన్న చిన్న గుంటల్లోకి వెళ్ళి కూర్చున్నాయి. ఎవరివో వేళ్ళు అరగదీసిన గుంటలు. ఎడమవైపు గుంట కొంచెం లోతు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఐదు నిమిషాలు అలా నూరుతూనే ఉన్నాననుకుంటాను, ఏమీ లేని స్పాంజి మీద.

"ఆగండి! దీన్ని ఎక్కించకండి! ఇది బ్యాలస్ట్ కాదు!" అని అరిచాను.

ఫోర్క్‌లిఫ్ట్ పెద్దాయన రాయిని చూశాడు, నేలమీద మఠం వేసుకున్న నన్ను చూశాడు. "నాకైతే రాయిలాగే ఉంది, లవ్" అన్నాడు.

మా పెద్దావిడకు ఫోన్ చేస్తే సెలవు రోజైనా పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను సన్నికల్లంటే ఏమిటో, లస్కర్లకు కెప్టెన్ వంటిల్లు వేరూ తమ పొయ్యి వేరూ ఎందుకై ఉంటుందో చెప్తూ ఉంటే రాసుకుంటూ వింది. వాళ్ళ వంట వాళ్ళే వండుకున్నారు. అంటే వాళ్ళలో ఒక వంటవాడున్నాడు. అంతవరకూ ఏ కాగితంలోనూ లేని మనిషి. "కానీ రుజువు కావాలి" అంది ఆవిడ. "ఆకారం చూసి చెప్తే పైవాళ్ళు ఒప్పుకోరు. ఇలాంటి ఆకారంలో గుండ్రాళ్ళు ఏ ఒడ్డునైనా దొరుకుతాయంటారు. రుజువు లేకపోతే ఇది మళ్ళీ ఆ లారీ ఎక్కాల్సిందే."

సోమవారం రాయిని ల్యాబుకు పంపాం. రాతి మీది సన్నటి రంధ్రాల్లో ఇరుక్కున్న మడ్డి తీసి, అందులో తిండి పదార్థాల పిండి రేణువులేమైనా ఉన్నాయేమో మైక్రోస్కోపు కింద చూస్తారు. దానికొక ఫారం. నింపింది నేనే. సముద్రం నుంచి తీశాక ఈ వస్తువును ఎవరైనా గ్లవ్స్ లేకుండా పట్టుకున్నారా? నో. దాని దగ్గర ఆహారం ఏదైనా ఉంచారా? నో. రసాయనాలు వాడారా? నో. చదివానా? చదివాననే అనుకున్నాను. వీసా ఫారాల దగ్గర్నుంచీ పట్టుకున్న జబ్బు ఇది. క్షయ ఉందా, జైలుకెళ్ళారా, యుద్ధం చేశారా, ఎవరినైనా చంపారా అని అడుగుతుంటే కింది దాకా నో, నో, నో అని కొట్టుకుంటూ పోవడమే. ఇన్నేళ్ళలో ఒక్క ఫారంలో కూడా ఎస్ పెట్టిన జ్ఞాపకం లేదు నాకు.

మూడు వారాలకు రిపోర్టు వచ్చింది. మా పెద్దావిడ కుర్చీలోంచి లేచి, అందరి ముందూ నన్ను కౌగిలించుకుంది. పసుపు. రాతి రంధ్రాల్లో పసుపు రేణువులు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కొడుతూనే కింద ఉన్న ఒక వాక్యం చదివాను. ఉప్పునీళ్ళలో ఇంతకాలం నానిన రాయి మీద రేణువులు ఇంత స్పష్టంగా మిగలడం చాలా అరుదు అని రాశారు. చప్పట్లు కొడుతున్న నా చేతుల వంక చూసుకున్నాను. గోళ్ళ మొదళ్ళలో పసుపు. ముందు రోజు రాత్రి బీరకాయ పప్పు తిన్నాను.

కాదులే, సబ్బుతోనే కడుక్కుని ఉంటాను, రోజూ కడుక్కుంటాను కదా అని సర్దిచెప్పుకున్నాను. కారులో సర్దిచెప్పుకున్నాను, వంట చేస్తూ సర్దిచెప్పుకున్నాను. కొన్ని వారాలకు, ఒక శనివారం పట్టలేక ఇంట్లో పరీక్ష పెట్టాను. పప్పన్నం చేత్తో తిని, సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడిగి, తడి పోయేదాకా తుడుచుకుని, తెల్లటి టిష్యూ కాగితాన్ని గట్టిగా వేళ్ళతో నొక్కాను. చూస్తే బొటనవేలి చోట లేత పసుపు మరక. సబ్బు పెట్టినా అంతే. అయితే నేనిన్నాళ్ళూ సబ్బు గురించి కొట్టుకున్నదంతా దండగ. ఆ కాగితం ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసి, మళ్ళీ తీసి, ఇంకా లోపలికి కుక్కాను, ఎవరో వచ్చి చూస్తారన్నట్టు.

ఇంతలో ఆఫీసులో పనులు జోరందుకున్నాయి. ఆ ఓడ మీద కొత్త ప్రదర్శన పెడుతున్నారు. కెప్టెన్ సిరాబుడ్డిని పక్కకు జరిపి నడిమధ్యన పొత్రం పెట్టాలని నిర్ణయం. గోడమీద ఆ వంటవాడికి ఒక బోర్డు. అందులో మూడు భాషలు, ఇంగ్లీషు, ఫ్రెంచి, తెలుగు. తెలుగు నేను రాయాలి. ఆ మాట ఎలా పాకిందో పాకింది. మా వీధిలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్న డాక్టరు ఆంటీ ఫోన్ చేసింది.

"ఏమ్మాయ్, మన తెలుగోడి వంట మ్యూజియంలో పెడుతున్నారటగా! చెప్పనే లేదేంటి?"

"ఇంకా ఫైనల్ కాలేదు ఆంటీ."

"ఆ, ఫైనల్ కాకపోవడమేంటి, టెస్టులో పసుపొచ్చిందన్నారుగా. మా సీనియర్స్ గ్రూప్ మొత్తం బస్సు మాట్లాడుకుని వస్తాం. స్పీచ్ నువ్వే ఇవ్వాలి. తెలుగులో ఇవ్వు, ఆ ఇంగ్లీషు ఎప్పుడూ ఉండేదే."

సరే ఆంటీ అన్నాను. ఇంకేమంటాను? ఆ వారమంతా సరిగ్గా తిండి సహించలేదు. తిన్నదైనా స్పూనుతోనే తిన్నాను, ఇంట్లో కూడా. మావారు రెండురోజులు చూసి, మూడో రోజు అడిగారు. అప్పటికి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్తున్నాం. కారులో ఆయనా, నేనూ, వెనక సీట్లో యూనిలో సైన్సు చదివే మా అమ్మాయి. మొత్తం కక్కేశాను.

మావారు రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా విన్నారు. "నీది కాకపోయి ఉండొచ్చుగా?"

"కాకపోవచ్చు."

"మరి ఎందుకొచ్చిన గొడవ? ల్యాబ్‌వాళ్ళు ఇచ్చిన రిపోర్ట్ అది, నువ్విచ్చింది కాదు. నువ్వెళ్ళి చెప్తే నీ జాబ్‌కి ఎఫెక్ట్ అవుతుంది, పాపం ఆవిడ హార్ట్ బ్రేక్ అవుతుంది, ఆ వంటాయన మళ్ళీ సముద్రంలోకి పోతాడు. ఎవరు బాగుపడతారే?"

"మమ్, జస్ట్ టెల్ దెమ్" అంది వెనక నుంచి మా అమ్మాయి, ఫోన్ లోంచి తల ఎత్తకుండానే. "దట్స్ లిటరల్లీ వాట్ కంట్రోల్ శాంపుల్స్ ఆర్ ఫర్." మనింటి పసుపు కూడా ఇచ్చి పోల్చి చూడమనాలని దాని మాట.

"నీకేం, నువ్వలాగే అంటావు" అని కసిరాను. పిల్ల మీద కసరడానికి కారణమేమీ లేదు. అది చెప్పింది సరైన మాట అని నాకు తెలుసు, అందుకే కసిరాను.

గుళ్ళో దండం పెట్టుకుంటూ కూడా నా వాదన నేను వినిపించుకున్నాను. స్వామీ, తెలుగువాడు పసుపు వేయకుండా వండుతాడా? చేపలు కడగాలన్నా పసుపే, దెబ్బ తగిలితే అద్దాలన్నా పసుపే. ఆయన ఆ పొత్రంతో పసుపు నూరే ఉంటాడు, నేను తాకినా తాకకపోయినా. అలాంటప్పుడు అబద్ధం ఎక్కడుంది? జరిగింది నిజమే, దానికి రుజువు మాత్రమే నాది. ఇలా బాగానే వాదించాను. కిందికి దిగి క్యాంటీన్‌లో పసుపుపచ్చటి పులిహోర తీసుకున్నాను. తినకుండా మావారి ప్లేటులో వేసేశాను.

తర్వాతి వారం బోర్డు మీద రాయాల్సిన ఇంగ్లీషు నాకు పంపారు. మా పెద్దావిడ స్వయంగా రాసింది. బాగా రాసింది, చిన్న చిన్న వాక్యాలు. దాన్ని తెలుగు చేయమన్నారు. పొద్దున్నే కూర్చున్నాను. ఈ ఓడ మీద ఒక వంటవాడుండేవాడు అని రాశాను. ఆయన పేరు మనకు తెలియదు అని రాశాను. తన వాళ్ళకు తన ఊరి వంట వండిపెట్టాడు అని రాశాను. నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆయన చేతి పసుపు ఇప్పటికీ ఈ రాతి మీద ఉంది.

ఇంగ్లీషులో ఆ వాక్యం చదివితే నాకేమీ కాలేదు. తల కూడా ఊపాను. తెలుగులో రాయబోతే చేయి రాలేదు. ఆయన చేతి పసుపు. మూడే మాటలు. ఆ మూడు మాటలూ టైపు చేయడం, తుడిచేయడం, టీ తాగడం, మళ్ళీ టైపు చేయడం. ఆయన చేతి అని రాసిన ప్రతిసారీ నాకు నా చేయే కనిపించింది, ఆవకాయ ముద్ద కలిపిన చేయి. తన పేరు లేనివాడికి నా ఎంగిలి చేతి పసుపు తగిలించి, ఇది నీదేలే అని అంటగడుతున్నానా? సిగ్గేసింది. భయం వేరు, సిగ్గు వేరని ఆ పూట తెలిసింది నాకు. భయానికైతే ఇంకో నెల కూడా నోరు మూసుకుని ఉండేదాన్ని.

లేచి ఆవిడ గదికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

ఆవిడ బోర్డు గురించి వచ్చాననుకుని, "చిన్నగా లేదు కదా అక్షరాలు?" అని అడిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ముద్దపప్పు దగ్గర మొదలుపెట్టాను. ఆవిడకు మొదట అర్థం కాలేదు. నవ్వుతూనే వింటోంది. సింకు దాకా వచ్చేసరికి నవ్వు పోయింది.

"ఏ చేత్తో?" అంది.

"తిన్నది కుడిచేత్తో. రాయిని రెండు చేతులతో పట్టుకున్నాను."

"సబ్బు?"

"గుర్తు లేదు. పెట్టి ఉన్నా లాభం లేదు, ఇంట్లో చూశాను."

"ఫారంలో నో పెట్టింది నువ్వేగా?"

"నేనే."

"ఎందుకు?"

వీసా ఫారాల సంగతి చెప్పాను. చెప్తుంటేనే ఎంత చచ్చు కారణమో తెలిసిపోయింది. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అరిస్తే బాగుండుననిపించింది నాకు.

"ఇన్నేళ్ళు వెతికాను" అంది. "ఒక్కడు దొరికాడనుకున్నాను." "నువ్వు నాకు ఆ శుక్రవారమే చెప్పాల్సింది."

"అవును" అన్నాను. ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏడవలేదు, టిష్యూ డబ్బా నా వైపు తోసి, ల్యాబుకు ఫోన్ కలిపింది. "మీ ఇంటి పసుపు ఒక చెంచా సీసాలో వేసి రేపు తీసుకురా" అంది, నా వంక చూడకుండా.

తెచ్చాను. మా అమ్మ పంపిన పసుపు, దుగ్గిరాలదే. ల్యాబువాళ్ళు రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. తేడా చెప్పలేమన్నారు. పసుపు కొమ్ములను తవ్వాక ఉడకబెట్టి ఎండబెడతారు కాబట్టి రేణువులు అప్పుడే రూపు మారిపోతాయి, ఎవరి పసుపైనా ఒకేలా కనిపిస్తుంది అని వివరించారు. వాళ్ళు వివరించక్కర్లేదు. కళ్ళాల్లో పెద్ద పెద్ద బానల్లో కొమ్ములు ఉడుకుతుంటే ఆ ఆవిరి మధ్య ఆడుకుంటూ పెరిగినదాన్ని. నాదో, ఆయనదో, ఇద్దరిదీనో, ఇక ఎప్పటికీ తేలదు. రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. బోర్డు ఆపేశారు. నడిమధ్యన మళ్ళీ సిరాబుడ్డి పెట్టారు.

రాయిని మాత్రం మా పెద్దావిడ పోనివ్వలేదు. ఆ బొటనవేళ్ళ గుంటలున్నాయి కదా, అవి నా చేతి నుంచి వచ్చినవి కావు కదా అని పట్టుబట్టింది. నాకు గ్లవ్స్ తొడిగి, నేల మీద కూర్చోబెట్టి, నూరమని వీడియో తీయించింది. నేను నూరుతుంటే వేళ్ళు ఎక్కడ ఆనుతున్నాయో గీతలు గీసి పైకి పంపింది. నూరుడు రాయి అయి ఉండవచ్చు అని వాళ్ళు ఒప్పుకున్నారు. గోడమీద పెట్టడానికి ఆ ఉండవచ్చు చాలదు, సముద్రంలో పడేయకుండా ఆపడానికి చాలింది. మా మధ్య మాటలు మునుపటిలా లేవు. పని మాటలు మాట్లాడుకుంటాం. టీ తెచ్చుకునేటప్పుడు నాక్కూడా ఒకటి తేవడం ఈ మధ్యే మళ్ళీ మొదలుపెట్టింది.

డాక్టరు ఆంటీకి నేనే ఫోన్ చేసి చెప్పాను, స్పీచ్ లేదు, బస్సు వద్దు అని. కారణం కూడా చెప్పాను. "ఓసి పిచ్చిమొహమా, అంత నిజాయితీగా ఎవరు ఏడవమన్నారే నిన్ను!" అంది. మళ్ళీ తనే, "మంచి పనే చేశావులే" అని పెట్టేసింది.

క్యాటలాగులో ఆ రాయి పేజీని సరిదిద్దడం నా పనే. గత సోమవారం కూర్చున్నాను. బ్యాలస్ట్ అన్నది కొట్టేసి, నూరుడు రాయి, ఉండవచ్చు అని పెట్టాను. పక్కన పొత్రం అని తెలుగులో టైపు చేశాను, ఎవరూ అడ్డుచెప్పలేదు. పసుపు అన్న గడిలో కలుషితం అని రాసి, వివరం రాశాను: నమోదు ఉద్యోగిని, శుక్రవారం ముద్దపప్పు, ఆవకాయ చేత్తో తిన్న తర్వాత, గ్లవ్స్ లేకుండా. వాడిన వ్యక్తి అన్న గడిలో తెలియదు అని పెట్టి సేవ్ నొక్కాను. సేవ్ కాలేదు. ఎర్రగా ఒక గీత వచ్చింది. కలుషితమని రాస్తే అందుకు కారణమైన మనిషి పేరు ఇవ్వాలట, ఖాళీ వదలకూడదట. ఈ సాఫ్ట్‌వేర్ రాసినవాడిని నాలుగు తిట్టి, పేరు కొట్టాను. ఇంటిపేరుతో సహా అడిగింది. ఇచ్చాను. సేవ్ అయింది.

ఆ పేజీ ఇక ఎప్పటికీ ఉంటుంది. వందేళ్ళ తర్వాత ఎవరైనా ఆ రాయి ఎవరిదని వెతికితే, వాళ్ళకు ఒకే ఒక్క మనిషి దొరుకుతుంది, పేరూ ఇంటిపేరూ, ఏ రోజు ఏం తిన్నదో అంతా దొరుకుతుంది. పేరు లేని ఆ వంటాయన ఆ పొత్రంతో ఎన్నేళ్ళు నూరాడో, రాతికి గుంటలు పడేదాకా నూరాడు. నేను పట్టుకున్నది ఐదు నిమిషాలు.